పెంకు చూసి పామాయిల్ మొక్కను నమ్మొద్దు, శంకించొద్దు

పామాయిల్ మొలక గింజల సంచి విప్పితే లోపల నల్లటి, దళసరి పెంకు గింజలు కనిపిస్తాయి. టెనెరా రకం అంటే పల్చటి పెంకు అని నలుగురూ చెప్పగా విన్న రైతుకి అక్కడే గుండె జారుతుంది. సంకరం అని చెప్పి దళసరి పెంకు డ్యూరా రకం అంటగట్టారేమో అని అనుమానం. నిజానికి ఆ సంచిలో ఉండాల్సింది దళసరి పెంకు గింజలే. పల్చటి పెంకు గింజలు కనిపించిన రోజునే గట్టిగా అడగాలి.

ఇది తిరకాసులా వినిపిస్తుంది కానీ, కాయను అడ్డంగా కోసి ఏ పొర ఎవరి నుంచి వచ్చిందో చూస్తే చిక్కు విడిపోతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పామాయిల్ గురించి ధర, డ్రిప్పు, ఎరువు, సబ్సిడీ అన్నీ మాట్లాడుకుంటాం. నూనె లెక్క మొత్తాన్నీ తేల్చే ఆ రెండు మూడు మిల్లీమీటర్ల పెంకు గురించి మాత్రం సగం సగం మాటలే నడుస్తాయి. ఆ సగం తెలివే ఎక్కువ నష్టం చేస్తుందని నా వాదన.

పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. శాస్త్రనామం ఎలైస్ గినీన్సిస్. కొబ్బరికీ తాటికీ చుట్టమే కాబట్టి దీని కాయను అర్థం చేసుకోవడానికి మన పెరట్లో చెట్లు చాలు. కొబ్బరికాయలో బయటి నున్నటి తొక్క, దాని కింద పీచు, ఆ లోపల చిప్ప, చిప్పకి అంటుకుని కొబ్బరి ఉంటాయి. పామాయిల్ కాయలోనూ అవే పొరలు, అదే వరస. తేడా పీచు దగ్గర వస్తుంది. కొబ్బరిలో ఎండి పీచైపోయే పొర, పామాయిల్‌లో నూనెతో నిండిన నారింజ రంగు గుజ్జు అవుతుంది. మనం పామాయిల్ అని పిలిచే నూనె ఈ గుజ్జుదే. చిప్ప స్థానంలో పెంకు, కొబ్బరి స్థానంలో పప్పు. ఆ పప్పులోంచి వచ్చే నూనె వేరే సరుకు. గుజ్జు నూనెలో పామిటిక్ ఆమ్లం 44 శాతం దాకా ఉంటే, పప్పు నూనెలో సగానికి దగ్గరగా లారిక్ ఆమ్లం ఉంటుంది. అంటే అది కొబ్బరి నూనెకి తోబుట్టువు, సబ్బుల ఫ్యాక్టరీలకి ఇష్టమైన సరుకు. ఒకే కాయలో పెంకుకి అటొక నూనె, ఇటొక నూనె.

మాటల్లో గందరగోళం లేకుండా ఒకటి అనుకుందాం. గుజ్జు తీసేశాక మిగిలేది టెంక. టెంక పగలగొడితే బయటిది పెంకు, లోపలిది పప్పు.

టెంకను చేతిలోకి తీసుకుని ఒక కొన చూడండి. కొబ్బరికాయకి ఉన్నట్టే మూడు కళ్లు. ఒక్కో కంటిలో పీచు బిరడా కొట్టినట్టు ఉంటుంది. పువ్వులో అండాశయానికి మూడు గదులు. తాటికాయలో మూడు గదులూ నిండితే మూడు ముంజెలు దొరుకుతాయి. పామాయిల్‌లో మామూలుగా ఒకటే నిండుతుంది, మిగతా రెండూ అణిగిపోతాయి, కళ్లు మాత్రం గుర్తుగా మిగులుతాయి. నిండిన గదికి ఎదురుగా ఉన్న కన్నులోంచే మొలక బయటికొస్తుంది. అప్పుడప్పుడు రెండు, అరుదుగా మూడు పప్పులున్న టెంకలూ దొరుకుతాయి. నర్సరీలో ఒకే గింజ నుంచి రెండు మొలకలు రావడానికి కారణం అదే. గట్టిదాన్ని ఉంచి రెండోది తీసేయాలి. కలిపి పెంచితే రెండూ సన్నబడతాయి.

ఈ కళ్ల లెక్క ఆఫ్రికాలో వట్టి వృక్షశాస్త్రం కాదు. నైజీరియాలోని యొరుబా ప్రజల ఇఫా ప్రశ్నశాస్త్రంలో 16 పామాయిల్ టెంకలు వాడతారు. వాటిని ఇకిన్ అంటారు. మూడు కళ్లవి పనికిరావు, నాలుగో అంతకన్నా ఎక్కువో కళ్లుండాలి. గవ్వలు వేసి ప్రశ్న చెప్పే మనకి ఇది పెద్ద వింతేమీ కాదు. ఇంకో సంగతి: గుజ్జు కుళ్లిపోతుంది, పెంకు కాలి బొగ్గయినా మిగులుతుంది. ఘనాలో సుమారు 4000 ఏళ్ల నాటి కింటాంపో సంస్కృతి స్థలాల్లో ఈ చెట్టు వాడకానికి సాక్ష్యంగా దొరికింది కాలిన పెంకు ముక్కలే.

ఇక అసలు విషయం. పెంకు మందాన్ని బట్టి చెట్లు మూడు రకాలు. డ్యూరా అంటే లాటిన్‌లో గట్టిది. పెంకు 2 నుంచి 8 మిల్లీమీటర్లు, కాయ బరువులో గుజ్జు 35 నుంచి 55 శాతం, మేలైన వాటిలో 65 దాకా. టెనెరా అంటే లేతది. పెంకు అర మిల్లీమీటరు నుంచి 4 మిల్లీమీటర్లు, గుజ్జు 60 శాతం నుంచి 90 పైకి కూడా. పిసిఫెరా అంటే బఠాణీ కాసేది. పెంకే ఉండదు, పప్పు ఉంటే బఠాణీ గింజంత. పెంకు లేదంటే ఇదే అన్నిటికన్నా మేలైనది అనిపిస్తుంది. కానీ పిసిఫెరా చెట్లలో ఎక్కువ భాగం ఆడ పువ్వు గొడ్డుపోతుంది, గెల పండకుండానే కుళ్లిపోతుంది. చెట్టు మాత్రం ఏపుగా, పక్క చెట్లని మించి పెరుగుతుంది. దూరం నుంచి చూసి తోటలో అదే బంగారం అనుకునేవాళ్లున్నారు.

డ్యూరా 8 దాకా, టెనెరా 4 దాకా అన్నప్పుడు 2 నుంచి 4 మధ్యలో రెండూ ఉంటాయని గమనించారా? స్కేలు పెట్టి 3 మిల్లీమీటర్లు ఉంది కాబట్టి డ్యూరా అని తీర్పు చెప్పడం ఇక్కడే బెడిసికొడుతుంది. నమ్మదగిన గుర్తు మందం కాదు, పీచు వలయం. టెనెరా కాయను అడ్డంగా కోస్తే పెంకు చుట్టూ, గుజ్జు లోపలి అంచున, నల్లటి చుక్కలు దండలా కనిపిస్తాయి. పెంకు కాకుండా గుజ్జులోనే ఉండిపోయిన గట్టి పీచు పోగుల కొసలవి. డ్యూరాలో ఆ దండ ఉండదు, గుజ్జు నేరుగా పెంకుని తాకుతుంది. పిసిఫెరాలో పప్పు చుట్టూ చుక్కలుంటాయి, పెంకు ఉండదు.

కోయడంలో కొంచెం ఒడుపు కావాలి. బాగా పండిన గెల బయటి వరస నుంచి, గెల మధ్య భాగం నుంచి ఐదారు నిండు కాయలు తీసుకోండి. గెల లోపల నొక్కుకుపోయిన కాయలు పలకలుగా, పాలిపోయి ఉంటాయి, అవి వద్దు. కాయను పీట మీద పడుకోబెట్టి నడుము దగ్గర బరువైన కత్తితో ఒక్క వేటు వేయాలి. రెండు మూడు దెబ్బలు కొడితే పెంకు చిట్లి గుజ్జులోకి దిగబడి చుక్కల దండ చెదిరిపోతుంది. డ్యూరా అయితే ఒక్క వేటుకి లొంగకపోవచ్చు. అప్పుడు గుజ్జు వరకు చుట్టూ గాటు పెట్టి, సగం గుజ్జు ఊడదీసి, కోసిన అంచు చూస్తే చాలు. నూనె కారి చుక్కలు మసకబారితే గుడ్డతో అద్ది చూడండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. మొదటిది, లేత కాయ కోయడం. పువ్వు పట్టాక రెండు నెలల దగ్గర లోపలి పప్పు ఇంకా నీరుగా ఉంటుంది, తర్వాత ముంజెలా జిగురుగా మారుతుంది, ఆ తర్వాతే గట్టిపడుతుంది. పెంకు కూడా అప్పటిదాకా తెల్లగా, కత్తికి తెగేలా ఉంటుంది. మూడు నెలలు దాటని కాయ కోసి పెంకు మెత్తగా ఉందని టెనెరా అనేస్తే, గెల పండే ఐదారు నెలలకి అదే చెట్టు డ్యూరా అని బయటపడుతుంది. రెండోది, పరాగం అందని కాయలు. పుప్పొడి చేరకపోయినా కొన్ని కాయలు పప్పు లేకుండానే చిన్నగా పెరుగుతాయి. వాటిని కోసి పెంకు లేదు, ఇది పిసిఫెరా అని చెట్టు కొట్టేస్తే అది చెట్టు చేసిన తప్పు కాదు. మూడోది దీనికి తిరగేసినది: గెలలు కుళ్లుతున్నాయి కాబట్టి పరాగం చాలట్లేదు, పుప్పొడి మోసే ముక్కు పురుగులు తక్కువయ్యాయి అని ఏళ్ల తరబడి సర్దిచెప్పుకోవడం. చుట్టూ ఉన్న చెట్లు గెలలు నింపుతుంటే ఒక్క చెట్టే ప్రతిసారీ కుళ్లబెడుతోందంటే, ఆ కుళ్లే గెలలోంచే కాయ తీసి కోయండి.

ఒక ఊరట ఏమిటంటే, ఒక చెట్టు కాసే కాయలన్నీ ఒకే రకం. పక్క తోట పుప్పొడి వచ్చి పడితే మీ టెనెరా కాయ డ్యూరా అయిపోదు. పై తొక్క రంగుకీ దీనికీ కూడా సంబంధం లేదు. పచ్చికాయ నల్లగా ఉండే రకాలు, ఆకుపచ్చగా ఉండే రకాలు రెండూ ఉన్నాయి, వాటి జన్యువు వేరు.

పుప్పొడి ఎందుకు మార్చలేదు? గుజ్జు, పెంకు రెండూ అండాశయం గోడ నుంచి తయారవుతాయి, అంటే పూర్తిగా తల్లి చెట్టు శరీరం. తండ్రి పుప్పొడి చేరేది లోపలి పిండంలోకి, పప్పులోకి మాత్రమే. కడుపులో బిడ్డది ఎవరి పోలికో తల్లి పొట్ట చూసి చెప్పలేం కదా, ఇదీ అంతే. సంకర విత్తనం తయారయ్యేది డ్యూరా తల్లి చెట్టు మీద, పిసిఫెరా పుప్పొడితో. కాబట్టి కాయ డ్యూరా కాయ, పెంకు డ్యూరా పెంకు, మందంగా ఉండి తీరాలి. లోపల నిద్రపోతున్న పిండం మాత్రం టెనెరా. అది మొలిచి, మూడు నాలుగేళ్లకి కాపుకొచ్చి, తన అండాశయం గోడతో తన కాయలు కట్టినప్పుడే పల్చటి పెంకు మొదటిసారి కంటికి కనిపిస్తుంది.

ఈ లెక్క తేలింది అప్పటి బెల్జియన్ కాంగోలోని యంగాంబి పరిశోధన కేంద్రంలో. అంతకుముందు తోటల వాళ్లు మంచి టెనెరా చెట్లు ఎంచి, వాటి గింజలే నాటేవారు. చూడబోతే తెలివైన పనే. కానీ తోట నిండా మూడు రకాలూ కలగలిసి లేచేవి. 1941లో బెయిర్నార్ట్, వాండర్‌వేయెన్ అనే ఇద్దరు దీని గుట్టు విప్పారు. పెంకు మందాన్ని ప్రధానంగా ఒకే ఒక జన్యువు నడుపుతుంది. డ్యూరాకి ఆ జన్యువులో పెంకు కట్టే ప్రతులు రెండు, పిసిఫెరాకి సున్నా, టెనెరాకి ఒకటి. టెనెరా స్వతంత్ర రకమే కాదు, రెండింటి నడిమి కూడలి. డ్యూరా, పిసిఫెరా కలిస్తే పిల్లలంతా టెనెరాలే. టెనెరా, టెనెరా కలిస్తే పావు వంతు డ్యూరా, సగం టెనెరా, పావు వంతు పిసిఫెరా.

ఎకరానికి 57 మొక్కలు నాటతాం. మీ తోటలోనో పక్క తోటలోనో పల్చటి పెంకు గింజలు ఏరి మొలకెత్తించి నాటారనుకోండి. సగటున 14 చెట్లు డ్యూరా, 14 పిసిఫెరా, మిగతా 29 టెనెరా. ఎకరంలో పావు వంతు చెట్లు నీళ్లు తాగి, ఎరువు తిని, గెల కుళ్లబెడతాయి. పల్చటి పెంకు గింజ కనిపిస్తే భయపడాలి అన్నది ఇందుకే. ఆ పల్చదనం తల్లి టెనెరా అని చెప్తోంది, తల్లి టెనెరా కాకూడదు.

మరి సక్రమంగా డ్యూరా తల్లి మీదే తయారైన విత్తనంలో తప్పు రాదా అంటే, వస్తుంది. విత్తన తోటలో ఆడ పూగెలని విచ్చుకోవడానికి వారం పది రోజుల ముందే సంచితో మూసి, పువ్వు సిద్ధమైన ఒకటి రెండు రోజుల్లో పిసిఫెరా పుప్పొడిని టాల్కం పొడిలో కలిపి లోపలికి ఊదుతారు. సంచి కట్టు వదులైనా, ఎక్కడైనా చిన్న చిల్లు పడినా ముక్కు పురుగు దూరుతుంది. ఎలైడోబియస్ కామెరూనికస్ అనే ఈ పురుగే లేకపోతే మన తోటల్లో సరిగా కాపు లేదు, కానీ విత్తన తోటలో అదే దొంగ. పక్క డ్యూరా మగ పువ్వు మీద తిరిగి వచ్చిందంటే డ్యూరా మీద డ్యూరా పుప్పొడి పడినట్టే. ఆ గింజకీ మంచి గింజకీ పైకి రవ్వంత తేడా ఉండదు, పెంకు రెండిటిదీ తల్లిదే కదా.

దీన్ని తిప్పి ఆలోచిస్తే కాపుకొచ్చిన తోట తన పుట్టుక తనే చెప్తుంది. ఎక్కడో ఒకటీ అరా డ్యూరా చెట్లు ఉండి, పిసిఫెరా ఒక్కటీ లేకపోతే తల్లి సరైనదే, సంచిలోకి పరాయి పుప్పొడి దూరింది. సగం డ్యూరా, సగం టెనెరా అయితే పిసిఫెరా అని వాడిన పుప్పొడి నిజానికి టెనెరాది. డ్యూరా లేకుండా సగానికి సగం గొడ్డు చెట్లుంటే టెనెరా తల్లికి పిసిఫెరా పుప్పొడి తగిలింది. మూడు రకాలూ పావు, సగం, పావుగా ఉంటే అది టెనెరా తోటలో ఏరిన గింజ, విత్తన తోట మొహం చూసినది కాదు. పిసిఫెరా ఒక్కటి నిక్కచ్చిగా తేలినా చాలు, దాని తల్లి డ్యూరా కాదని రాసిపెట్టుకోవచ్చు. రెండు ప్రతులూ పెంకు కట్టేవే ఉన్న తల్లికి సున్నా ప్రతుల పిల్ల పుట్టదు. నష్టపరిహారం అడిగే రైతు 'గెలలు సరిగా రావట్లేదు' అనేకంటే చెట్టు చెట్టుకీ కాయ కోసిన లెక్క పట్టుకెళ్తే ఆ మాటకి బలం వస్తుంది.

కాపు దాకా ఆగనక్కర్లేని దారి 2013లో తెరుచుకుంది. మలేసియా పామాయిల్ బోర్డు, అమెరికాలోని ఓరియన్ జీనోమిక్స్ శాస్త్రవేత్తలు ఆ ఒక్క జన్యువునీ పట్టుకుని 'షెల్' అని పేరు పెట్టారు. దాంతో నర్సరీ మొక్క ఆకులో చిన్న ముక్క తీసి అది మూడిట్లో ఏదో చెప్పొచ్చు. నర్సరీ దశలో శాంపిల్‌గా కొన్ని మొక్కలకైనా ఈ పరీక్ష తప్పనిసరి చేయాలన్నది నా అభిప్రాయం. 30 ఏళ్లు ఉండే తోట. ఏపీ, తెలంగాణల్లో గెల ధర కట్టే లెక్కలో నూనె శాతం కూడా ఉంది. డ్యూరాతో పోలిస్తే టెనెరా గెలలో నూనె దాదాపు 30 శాతం ఎక్కువ. కొందరి తోటల్లో డ్యూరా గెలలు ఎక్కువైతే మిల్లు సగటు తగ్గి ఆ దెబ్బ అందరికీ పడుతుంది.

మిల్లులో ఇంకో తంటా ఉంది. గుజ్జు పిండాక టెంకలు ఆరబెట్టి పగలగొడతారు. ఆరితే పప్పు కుంచించుకుపోయి పెంకు నుంచి విడుతుంది, లేకపోతే పెంకు ముక్కకే అంటుకుని వస్తుంది. పగలగొట్టే యంత్రంలో సందు పల్చటి టెంకలకి సరిపెడితే దళసరివి సరిగా పగలవు. గట్టి దెబ్బకి సరిపెడితే పల్చటి వాటి పప్పు నుజ్జవుతుంది. తర్వాత సుమారు 1.12 సాంద్రత ఉన్న బంకమట్టి నీళ్లలో వేస్తే పప్పు తేలుతుంది, పెంకు మునుగుతుంది. ఆ పెంకు బాయిలర్‌కి మంచి వంటచెరుకు.

డ్యూరాను తిట్టడం నాకు నచ్చదు. 1848లో జావాలోని బోగోర్ ఉద్యానవనంలో నాటిన నాలుగు మొక్కల సంతతే సుమత్రాలోని డెలి ప్రాంతంలో పెరిగి డెలి డ్యూరా అయింది. ప్రపంచంలో టెనెరా తోటలు చాలావాటికి తల్లి వైపు వంశం అదే. డ్యూరా తల్లిగా మహరాణి, తోటలో పంటగా మాత్రం వెనకబడుతుంది.

ఆ దళసరి పెంకు విత్తనాల వాళ్లకి పెట్టే పరీక్ష చిన్నది కాదు. గుజ్జు వలిచిన టెంకలు మామూలుగా నాటితే నెలలు గడిచినా ఒకటీ రెండూ తప్ప మొలవవు. అందుకని తేమ 18 శాతం దగ్గర ఉంచి, 39-40 డిగ్రీల వేడి గదిలో 75 నుంచి 80 రోజులు పెడతారు. తర్వాత నానబెట్టి తేమ 22 శాతం పైకి తెచ్చి, 27-28 డిగ్రీల్లో ఉంచితే వారం తిరక్కుండా కన్నులోంచి తెల్లటి బొడిపె తోసుకొస్తుంది. తేమ ఎక్కువగా ఉండగానే వేడి తగిలితే మొలక గోధుమరంగు తిరిగి కుళ్లుతుంది, బూజు పని అది. గుజ్జు వలిచేటప్పుడు పెంకుకి పగులు పడినా పప్పు కుళ్లడం ఖాయం. మొలక పెట్టేటప్పుడు మొనదేలిన తెల్లటి మొగ్గ పైకి, గోధుమరంగు కొస ఉన్న వేరు కిందికి ఉండాలి. తిరగేసి పెడితే మొక్క మెలికపడి లేస్తుంది.

మొలక బయటికొచ్చాక లోపల ఏం జరుగుతుందో తాటి తేగలు తిన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు. తాటి టెంకలో బుర్రగుంజు పెరిగినట్టే, పామాయిల్ టెంకలోనూ మెత్తటి ముద్ద ఒకటి పెరుగుతూ పప్పుని కరిగించి మొక్కకి అందిస్తుంది. సుమారు మూడు నెలలు మొక్కకి పాలు పట్టేది అదే. ఆలోగా టెంకను మొక్క నుంచి తుంచితే పాలు మాన్పించినట్టే.

తోట కాపుకొచ్చాక, మూడు నాలుగో ఏట, ప్రతి చెట్టు నుంచీ రెండు వేర్వేరు గెలల్లో కాయలు కోసి చూసి కాండానికి రంగుతో గుర్తు పెట్టండి. అనుమానం మిగిలిన చెట్టుకి 30 కాయలు తూకం వేయండి. ఉదాహరణకి కాయలు 300 గ్రాములు, గుజ్జు గీకి ఆరబెట్టిన టెంకలు 60 గ్రాములు, పగలగొట్టి తీసిన పప్పు 24 గ్రాములు అనుకుంటే, టెంక పోను మిగిలింది 240 గ్రాములు, అంటే 80 శాతం, పెంకు 12 శాతం. అది టెనెరాయే. పెంకు 30 శాతం దాటితే డ్యూరా. పిసిఫెరా అని ఖాయమైతే వెంటనే తీసేసి కొత్త మొక్క పెట్టండి, పక్క చెట్ల మట్టలు కలిసిపోకముందే. నీడ కమ్ముకున్నాక పెట్టిన మొక్క కొబ్బరి ఈనెలా సాగుతుంది తప్ప గెల వేయదు. డ్యూరాను మాత్రం నేనైతే కొట్టను. నూనె తగ్గినా గెల బరువు ఇస్తుంది, దాన్ని తీసి కొత్తది పెంచే నాలుగేళ్లలో ఆ బరువు కూడా పోతుంది.